ఒంటికాలి సందులో తెల్ల దుప్పటి

ఆ సందుకి ఒంటికాలి సందని పేరు. గోడ మీద ఏదో నంబరు రాసి ఉంది గానీ, ఆ నంబరు చెబితే ఆటోవాడు మొహం తేలేస్తాడు. ఒంటికాలి సందు అనండి... అప్పుడు తెలుస్తుంది. తెలిసి, సందు మొదట్లోనే దింపేసి, వెనక్కి తిరిగి చూడకుండా బండి తిప్పుకుపోతాడు.

నా సంగతి చెప్పక్కర్లేదు. శవాలగది తాళంచెవి పోయిందంటే కిటికీలోంచి దూరి, తెల్లారేదాకా లోపలే గురకపెట్టి, పొద్దున్నే తలుపు తీసి టీ అడిగినవాణ్ణి. అలాంటి నేనే ఆ సందు మలుపులో చెప్పులు వదిలేసి వచ్చాను. కొత్త చెప్పులు. కావలసినవాళ్ళు వెళ్ళి తెచ్చుకోవచ్చు.

సందుకి ఒక పక్కంతా ఇళ్ళ వెనక తోటల గోడలు. ఒకచోట గోడ పైవరస కూలి, మనిషి మెడ ఎత్తులో కంత పడింది. చీకటి పడ్డాక ఆ కంతలోంచి చూస్తే... నిమ్మచెట్టు పక్కన, గాల్లో, ఒక మగాడు.

తల ఉంది. భుజాలున్నాయి. ఒక కాలు తిన్నగా కిందికి. రెండోది మోకాలి దగ్గర మడిచి పక్కకి. మొహం మాత్రం లేదు. ఉన్నచోటే ఉండి, ఒళ్ళంతా సన్నగా... అదురుతూ.

మొదట చూసింది పాలాయన. చీకటితో పాలు పోయడానికి వెళ్తూ చూశాడు. క్యాను వదిలేసి పరిగెత్తాడు. ఆ పాలు సందు నిండా పారి, వీధిలో పిల్లులు నెల్లాళ్ళపాటు ఎలకల వంక కన్నెత్తి చూళ్ళేదు.

ఈ దెయ్యం కథ ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. గోడకి అటువైపు ఏం జరిగిందో మాత్రం, ఆ తోట గలవాడి నోటే విన్నవాణ్ణి నేను. అందుకని కుదురుగా కూర్చుని వినండి.

*

ఆ తోట గలవాణ్ణి అందరూ గంజి అనేవాళ్ళు. ఆసుపత్రి లాండ్రీలో ఆవిరి రోలర్ దగ్గర పని. తడి దుప్పటి ఇటు పెడితే అటు అప్పడంలా వచ్చే యంత్రం అది. గంజి మడతపెట్టిన దుప్పటి అంచుతో కూరగాయలు తరగొచ్చు. దాని మీద ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకునేది. నిద్రలో కూడా అతని చేతులు గాల్లో దుప్పట్లు మడిచేవని వాళ్ళావిడే చెప్పేది.

ఆవిడ అతన్ని గంజి అనేది కాదు. కొంగ అనేది. చిన్నప్పుడెప్పుడో చెట్టుమీంచి పడ్డప్పుడు ఎడమ మోకాలు దెబ్బతిని, పడుకుంటే ఆ కాలు తిన్నగా చాపలేడు. మడిచి, పక్కకి వాల్చి పడుకుంటాడు. "మంచంలో సగం నాది, సగం కొంగది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. కానీ ఆ మడిచిన మోకాలి మీద చెయ్యి వేస్తే తప్ప ఆవిడకి నిద్ర పట్టేది కాదు. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు.

ఆ వానాకాలం ఆవిడకి జ్వరం వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. ఒక సాయంత్రం ఒళ్ళంతా చెమటలు పోసి చల్లబడింది. గండం గడిచిందనుకున్నారు. గంజి తడిసిన దుప్పటి తీసేసి, ఉతికినది తెచ్చి, నర్సులు మార్చినట్టు ఆవిణ్ణి లేపకుండానే అటు దొర్లించి ఇటు దొర్లించి, కొత్తది పరిచాడు. మందు పోస్తుంటే చెంచా తొణికి, ఆ తెల్లటి దుప్పటి మూల మీద నల్లటి చుక్క పడింది.

"ఉతికేవాడివేగా, ఏడవకు" అంది ఆవిడ.

అతను రాత్రి డ్యూటీకి చొక్కా వేసుకుంటుంటే నెమ్మదిగా అంది— "ఈ పూట పోకపోతే ఏం?"

"జ్వరం తగ్గిందిగా. తెల్లారేసరికి వస్తా."

"మోకాలు ఇక్కడ వదిలేసి పో, మరి. నిద్ర పట్టొద్దూ?"

నవ్వి వెళ్ళిపోయాడు.

తెల్లారి వచ్చేసరికి... ఆవిడ లేదు.

పక్కవీధిలో ఉండే గంజి అక్క పాలు కాచి తెచ్చి, పిలిచి, పలక్కపోతే తాకి చూసి, కేకపెట్టింది. అటుగా పోతున్న పాలాయన సాయం పట్టాడు. గంజి గుమ్మం ఎక్కేసరికి ఆవిణ్ణి ముందుగదిలో చాప మీదికి మార్చేశారు. పడగ్గదిలో ఖాళీ మంచం. నలిగిన దుప్పటి.

అప్పుడు గంజి ఏం చేశాడో అతనికే తెలియదు. ఏడవలేదు. నేరుగా పడగ్గదిలోకి పోయి, దుప్పటి దులిపి, మూలకి మూల కలిపి, అంచుకి అంచు ఆనించి, కత్తిలా మడిచి, బీరువాలో ఉతికిన దుప్పట్ల దొంతరలో పెట్టేశాడు. చేతులు చేశాయి ఆ పని. అక్క గుమ్మంలోంచి చూసి, ఉతకడానికి తీస్తున్నాడేమో అనుకుంది. గంజి తర్వాత ఎప్పుడో, ఆ దుప్పటి అక్క పారేసి ఉంటుందిలే అనుకున్నాడు. ఇద్దరూ అడగలేదు.

మంచం మాత్రం ఆ రోజే గోడకి నిలబెట్టేశాడు. దాని మీద మళ్ళీ ఎవరూ నడుం వాల్చలేదు.

ఇక మొదలైంది అసలు బాధ.

ఎలా పోయింది? నిద్రలో పోయిందా? లేక లేచి, తలుపు దాకా రావాలని చూసి, రాలేక... పిలిచిందా? పిలిస్తే ఎవరు పలికారు?

తలుపు అతను పడుకునే వైపే ఉండేది.

ఈ ఒక్క ప్రశ్న పురుగులా తలలో దూరి, రాత్రయితే చాలు తొలిచేది. నిద్రన్న మాటే లేదు. కుంభకర్ణుడి వాటా నిద్రంతా ఎవడో ఇతని దగ్గరే అప్పు తీసుకుని ఎగ్గొట్టినట్టు... కళ్ళు అలా తెరుచుకునే ఉండేవి. రాత్రి డ్యూటీ వదిలి పగటికి మారినా, రోలర్ ముందు తూలేవాడు. అది మామూలు యంత్రం కాదు. దుప్పటినీ చేతినీ వేరుచేసి చూడదు.

*

లాండ్రీలో చిరిగిన దుప్పట్లకి అతుకులు వేసే పెద్దావిడ ఒకావిడ ఉండేది. సూదమ్మ అనేవాళ్ళు. ఏనుగుకి చెవి తెగితే, ఏనుగుకి తెలియకుండా కుట్టి పంపేంత పనిమంతురాలు. గంజి ఆవిణ్ణి పిన్నీ అనేవాడు.

"ఏరా అబ్బాయ్, రాత్రి నిద్రపోయావా?"

"లేదు పిన్నీ."

"నువ్వు నిద్రపోగా చూసింది నేను ఆ ఒక్కసారే. మీ ఆవిడ పోయిన రాత్రి. స్తంభానికి ఆనుకుని, నిలబడే, మోకాలు మడిచి కొంగలా... ఎంత పిలిచినా పలకలేదు. చెంపలు తట్టినా లేవలేదు. దుప్పటి మాడి కమురు వాసన కొట్టి, పెద్దసారు తిట్ల దండకం అందుకున్నాక గానీ కళ్ళు తెరవలేదు. నీ నిద్రంతా ఆ రాత్రే అయిపోయినట్టుంది."

గంజి తడి దుప్పటి ఒకటి లాగి దులిపాడు.

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటూ అంది— "పట్టని నిద్ర కోసం పడిగాపులెందుకు? మీ తోటలో నిమ్మచెట్టుంది కదా. ఒక తెల్ల దుప్పటి కట్టు. ముందు నేల మీద బల్బు పెట్టు. కూర్చో. చిమ్మెటలొస్తాయి."

"చిమ్మెటలా? అవి బట్టలు కొట్టేస్తాయి పిన్నీ. మనకి శత్రువులు."

"బట్ట తినేవి ఏవో రెండు రకాలు. అవీ పురుగుగా ఉన్నప్పుడే. మిగతా చుట్టాలందరినీ దొంగలంటావా? నేను ముప్పైయేళ్ళుగా చూస్తున్నా. ఒక్కటి కూడా నా చీర కొరకలేదు." దారం పళ్ళతో తెంపింది. "కొట్టకూడదు, పట్టకూడదు. పేరు పెట్టి పలకరించాలి. తెల్లారేలోపు దీపం ఆర్పేస్తే ఎవరి దారిన వాళ్ళు పోతారు. పిట్టలు లేవకముందే పంపెయ్యాలి సుమా, లేకపోతే వాటికి పలహారమైపోతాయి."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు. గంజి ఆ రాత్రే నిమ్మచెట్టుకీ స్నానాలగది గోడకీ మధ్య తాడు కట్టాడు. తాడు పొట్టి, దుప్పటి ఇద్దరు పడుకునేంత పెద్దది. అందుకని నిలువునా రెండుగా మడిచి, తలవైపు అంచుకి క్లిప్పులు పెట్టి వేలాడదీశాడు. ఒక సగం ఇంటివైపు, రెండో సగం వెనక సందువైపు. ఇంటివైపు నేల మీద బల్బు. పక్కనే పీట.

మొదటి రాత్రి దోమలే వచ్చాయి. రెండో రాత్రి ఒక్కటంటే ఒక్క చిమ్మెట వచ్చి, దుప్పటి మీద ఎండుటాకులా అతుక్కుపోయింది. గంజి ఊపిరి బిగబట్టి చూశాడు. రెక్కల మీద ముడతలు, ఈనెలు, ఆకుకి ఉండే చిల్లు కూడా... అచ్చం ఆకే. వేలితో ముట్టుకోబోతే, ఆకు కింద రెండు నల్లటి కళ్ళు.

"దాని పేరు ఎండుటాకు" అంది సూదమ్మ మర్నాడు. "ఇంకా ఏమొచ్చాయి?"

అలా పట్టుకుంది ఆ పిచ్చి. మబ్బు పట్టి, గాలి లేక, చెమ్మగా ఉన్న రాత్రులు మంచివని తెలుసుకున్నాడు. మాగిన అరటిపండు చిదిపి చెట్టు మొదలుకి పూశాడు. రంగురంగుల అతుకుల రెక్కలతో బొంతరాణి వచ్చింది. రెక్కల మీద రెండు గుండ్రటి మచ్చలతో కళ్ళజోడు వచ్చింది. పిచ్చుకంత మహారాజొకడు వచ్చి బల్బు చుట్టూ గింగిరాలు కొట్టాడు. గంజి చెప్పేటప్పుడు వాడు గద్దంత అయ్యాడు, నేను చెబితే విమానమంత అవుతాడు, పోనివ్వండి. చూస్తూ చూస్తూ తెల్లారగట్ట పీట మీదే కాసేపు కునుకు పట్టేది. అదే పదివేలు.

ఇక్కడే చేశాడు ఒక తప్పు. లాండ్రీ మనిషి మాత్రమే చేసే తప్పు.

మీరూ నేనూ అయితే ఏదో ఒక పాత గుడ్డ కట్టి, రోజూ దాన్నే వాడతాం. గంజికి అది చేతకాలేదు. ఒకసారి పురుగు వాలిన దుప్పటి మళ్ళీ ఉతక్కుండా కట్టడమంటే, ఎంగిలి కంచంలో అన్నం పెట్టినట్టు అతనికి. అందుకని రోజుకొకటి... బీరువాలో దొంతర మీంచి ఒక్కొక్కటే తీస్తూ పోయాడు.

దొంతర తరుగుతూ వచ్చింది.

*

ఆ రాత్రి మబ్బు. గాలి లేదు. దుప్పటి కట్టి, బల్బు వెలిగించి కూర్చున్నాడు.

చిమ్మెటలొచ్చాయి. రోజూ వచ్చినట్టు కాదు... మందలా వచ్చాయి. రోజూ బల్బు దగ్గర మూగేవి, ఆ రాత్రి బల్బుని వదిలేశాయి. దుప్పటి మీద వాలుతున్నాయి. వాలి, నడుస్తున్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, దేనికోసమో వెతుక్కుంటున్నట్టు...

తర్వాత ఆగిపోయాయి.

గంజి చూశాడు.

పైన గుండ్రంగా ఒక తల. దాని చుట్టూ చెదిరిన జుట్టు. మెడ. భుజాలు. ఒక చెయ్యి ఒంటికి ఆనుకుని ఉంది. నడుము... కాళ్ళు...

ఒక ఆడమనిషి. దుప్పటి మీద నిలువునా. ఆ ఒళ్ళంతా రెక్కలు. ఆ రెక్కలన్నీ సన్నగా అదురుతుంటే... ఊపిరి తీస్తున్నట్టుంది.

పీట వెనక్కి పడింది. గంజి మెట్ల దాకా వెనక్కి నడిచాడు. కానీ అంత భయంలోనూ ఒకటి గమనించాడు. రెండో చెయ్యి పక్కకి, కిందికి చాచి ఉంది. మణికట్టు దగ్గర దుప్పటి మడత వచ్చింది. ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో మడతకి అవతల, సందువైపు సగంలో ఉంది.

తెల్లారేదాకా అటు వెళ్ళి చూసే ధైర్యం చాల్లేదు.

పొద్దున దుప్పటి చంకలో పెట్టుకుని లాండ్రీకి పోయాడు. సూదమ్మ బల్ల మీద పరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుక కొస తాకించింది కూడా.

"ఉప్పు" అంది. "చెమట. చిమ్మెటలకి ఉప్పంటే ప్రాణం. రాత్రి మంచుకి తడిసి ఉంటుంది. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడ చెమట, చెమట ఎక్కడుంటే అక్కడ అవి. అంతేరా, దెయ్యం లేదు, గియ్యం లేదు." అని, కళ్ళజోడు మీంచి చూసింది. "అది సరే గానీ, ఇది ఉతకలేదేం? గంజి బీరువాలో మాసిన దుప్పటా?"

అతను దుప్పటి తన వైపు లాక్కున్నాడు. మూల వెతికాడు. అక్కడ ఎండిపోయిన నల్లటి మందు చుక్క.

"పిన్నీ" అన్నాడు. "ఇది... ఆ రాత్రిది."

సూదమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

*

ఆ రోజునుంచి గంజి మనిషి కాడు. చీకటి పడటమే తడవు, అదే దుప్పటి కట్టేవాడు. ఉతకని దుప్పటి, రోజూ అదే. రెక్కల మనిషి వచ్చేది. అతను పీట మీద కూర్చుని చూసేవాడు. భయం పోయింది. ఆశ మొదలైంది, అది భయం కన్నా చెడ్డది.

ఇదిగో, ఆవిడ చివరిసారి ఎలా పడుకుందో ఇక్కడుంది. వెల్లకిలా పడుకుంది. ఒళ్ళు ముడుచుకోలేదు, కొట్టుకోలేదు. ఆ ఒక్క చెయ్యి తప్ప. ఆ చెయ్యి ఎటు చాచింది? తలుపు అటే కదా. లేవాలని చూసిందా? మంచం అంచు పట్టుకుందా? పిలుస్తూ చాచిందా?

మడత విప్పితే తెలిసిపోతుంది.

విప్పడానికి లేచేవాడు. తాడు దాకా వెళ్ళేవాడు. అంచు పట్టుకునేవాడు... ఒకవేళ ఆ వేళ్ళు మంచం అంచు పట్టుకుని బిగిసి ఉంటే? అది చూసి మళ్ళీ బతకడం ఎలా? అంచు వదిలేసి వచ్చి కూర్చునేవాడు.

ఇంతలో ఇంకో ఘోరం. రోజురోజుకీ మనిషి తరిగిపోతోంది. ముందు పాదాలు పోయాయి. తర్వాత జుట్టు. ఉన్న ఉప్పంతా చిమ్మెటలు తాగేస్తున్నాయి.

"నిన్ను తాగేస్తున్నాయే" అనేవాడు. దీపం ఆర్పేసేవాడు, కాస్తయినా మిగుల్తుందని. చీకట్లో కూర్చోలేక మళ్ళీ వెలిగించేవాడు. చూస్తే కరిగిపోతుంది. చూడకుండా ఉండలేడు.

అప్పుడే సందులో గోల మొదలైంది. పాలాయన పాలు పారబోసుకున్నది ఆ రోజుల్లోనే. నలుగురూ గంజిని నిలదీశారు.

"మీ తోటలో మగ దెయ్యం ఉందయ్యా."

"మగ దెయ్యం కాదు" అన్నాడు గంజి. "ఆడమనిషి. మా ఆవిడ. అది చెమట."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, ఉన్న మతి కూడా పోయింది" అని గొణుక్కుంటూ పోయారు. పాలాయన మాత్రం వెనక్కి తిరిగి అన్నాడు— "మీసం చూళ్ళేదు గానీ, ఆ భుజాలు మగాడివే. ఒంటికాలోడు."

గంజి పట్టించుకోలేదు. పిరికివాడి కంటికి ఏం కనపడితే ఏంటి?

ఆ మర్నాడు లాండ్రీలో అతని చొక్కా చేతిని రోలర్ పట్టుకుంది. గంజి చూస్తూ నిలబడ్డాడు. లాక్కోలేదు. అరవలేదు. సూదమ్మ బల్ల మీంచి ఎగిరి గంతేసి తాడు లాగి యంత్రం ఆపింది. ఆ వయసులో ఆ గంతు చిరుతపులి చూస్తే సిగ్గుపడి ఊరు వదిలిపోయేది. చొక్కా చెయ్యి చిరిగిపోయింది. లోపలి చెయ్యి మిగిలింది.

పెద్దసారు తిట్టలేదు. అదే భయం వేసింది. "రేపు నిద్రపోయి వస్తే రా" అన్నాడు. "లేకపోతే రాకు. నీ చెయ్యి ఆ రోలర్లోంచి తీసే పని నాకు పెట్టకు."

*

ఆ సాయంత్రం అక్క వచ్చింది. చేతిలో బకెట్టు, సోడా పొట్లం.

"ఇయ్యరా తమ్ముడూ దుప్పటి. నానబెడతా."

"అక్కా, ఈ ఒక్క రాత్రి."

"ఒక్క రాత్రి, ఒక్క రాత్రి అంటూ నిన్ను కూడా చాప మీద పడుకోబెట్టమంటావా? ఆవిణ్ణి మోసిన చేతులే ఇవి. నిన్ను మొయ్యలేను."

గంజి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. పెళ్ళాం పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "ఆ చెయ్యి ఎటు పోయిందో తెలియాలి అక్కా. తెలియకపోతే నాకు నిద్ర రాదు. తెలిస్తే... అదేమో తెలియదు."

అక్క బకెట్టు కింద పెట్టింది.

చీకటి పడింది. సూదమ్మ కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. గోడ కంత దగ్గర సందు జనం తలలు. పాలాయన చేతిలో దుడ్డుకర్ర.

బల్బు వెలిగింది. చిమ్మెటలొచ్చాయి. ఆవిడ ఇప్పుడు సగమే ఉంది. తల నీడలా... భుజం... చాచిన ఆ చెయ్యి. మిగతాదంతా తెల్లటి గుడ్డ.

"మడత విప్పు పిన్నీ" అన్నాడు గంజి. "నేను కళ్ళు మూసుకుంటా."

"నీ చేత్తో నువ్వే విప్పాలి రా."

లేచాడు. స్నానాలగది గోడ మీద దూరంగా ఇంకో మేకు ఉంది. తాడు విప్పి, ఇంకో ముక్క ముడేసి, పొడుగు చేసి ఆ మేకుకి కట్టాడు. అంచు పట్టుకున్నాడు. ఎక్కడో ఒక కుక్క మొదలుపెట్టి... తనంతట తనే ఆపేసింది.

విప్పాడు.

రెక్కలన్నీ ఒక్కసారి లేచి, తోటంతా బూడిద రేగినట్టయింది. మళ్ళీ ఒక్కొక్కటే దిగాయి. ఆవిడ వైపు కొన్ని. రెండో వైపు... దీపం అందక ఇన్నాళ్ళూ అంతగా ఎంగిలికాని వైపు... గుంపులుగా.

ముందు మణికట్టు. తర్వాత అరచెయ్యి. వేళ్ళు. వేళ్ళు బిగిసి లేవు. మంచం అంచు దాకా పోలేదు. మెత్తగా, విడివిడిగా వాలి ఉన్నాయి.

దేని మీదో వాలి ఉన్నాయి.

"అదిగో" అన్నాడు పాలాయన గోడ అవతల, గొంతు పీలగా. "ఒంటికాలోడు."

ఆవిడ పక్కనే తల, భుజాలు, నడుము. ఒక కాలు తిన్నగా. రెండో కాలు మోకాలి దగ్గర మడిచి, పక్కకి వాలి... ఆ మోకాలి మీద ఆవిడ చెయ్యి.

సూదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఎవడో కాదు కదరా. నువ్వే. నీ కొంగ కాలే. నువ్వు పడుకున్న చోట నీ చెమట, అది పడుకున్న చోట దాని చెమట. చూశావా, నీ మోకాలి మీద చెయ్యేసుకుని హాయిగా పోయింది. దీని కోసమా ఇంత..."

గంజి మూలనున్న మందు చుక్క వంక చూస్తున్నాడు.

"అక్కా" అన్నాడు. మాట గుసగుసలా వచ్చింది. "ఈ దుప్పటి నేను డ్యూటీకి పోతూ పరిచాను. ఉతికినది."

"అయితే?"

"దీని మీద నేను పడుకోలేదు."

అక్క పొద్దున వచ్చాక పడుకున్నావేమో అందామంటే... అతను గుమ్మం ఎక్కేసరికే దుప్పటి ఖాళీ చేసింది తనే. అతను దాన్ని మడుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది తనే. ఆ తర్వాత బీరువా. ఇంకెప్పుడు?

దుప్పటి మీద ఇద్దరూ ఊపిరి తీస్తున్నారు.

సూదమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు అంది— "ఎంత పిలిచినా పలకలేదురా నువ్వు. చెంపలు తట్టాను కూడా. ఒళ్ళు చల్లగా... ఉత్త చొక్కాని తట్టినట్టుంది."

పాలాయన కర్ర సందులో పడిన చప్పుడైంది. తర్వాత పరుగు.

గంజి మెల్లగా వచ్చి, మెట్ల పక్కన చాప లాక్కుని నడుం వాల్చాడు. ఎడమ మోకాలు మడిచాడు. పక్కకి వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతే. గురక మొదలైంది. ఆ గురకకి నిమ్మచెట్టు మీద కాయలు రాలాయంటే నమ్మండి.

అక్క బకెట్టు తీసుకెళ్ళి ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోసేసింది. సోడా పొట్లం విప్పనే లేదు.

తిరిగి వస్తూ, తమ్ముడి వంక చూసి ఆగిపోయింది. అతని మోకాలి మీద చిమ్మెటలు వాలుతున్నాయి. ఒకటి. ఇంకొకటి. ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటూ... అరచెయ్యంత మేర... విడివిడిగా, మెత్తగా, వేళ్ళలా.

"చెమట" అంది సూదమ్మ. "ఉప్పు. అంతే." అంది గానీ ఈసారి తాకి చూడలేదు.

ఆవిడ లేచి, వంగి, బల్బు తీసేసింది. దీపం పోతే ఎవరి దారిన వాళ్ళు పోవాల్సిందే కదా. చీకట్లో దుప్పటి మీంచి రెక్కల చప్పుడు లేచింది. గోడ దాటింది. సందు దాటింది. సద్దుమణిగింది. మబ్బు చాటునుంచి చంద్రుడు బయటికొచ్చేసరికి దుప్పటి ఖాళీ, తెల్లగా, మనిషి వాసన లేకుండా వేలాడుతోంది. తోటలో ఒక్క చిమ్మెట లేదు.

అతని మోకాలి మీద చెయ్యి మాత్రం అలాగే ఉంది.